ఫైటర్ చేపల పెంపకం – 4వ పాఠం: పిల్లల మొదటి మేత

పోయిన పాఠం తర్వాత పాలకొండ, బొబ్బిలి, శ్రీకాకుళం నుంచి అడిగినవాళ్లందరి బాధా ఒకటే. మగది గూడు కట్టింది, గుడ్లు పగిలాయి, పిల్లలు కనబడ్డాయి, వారం తిరక్కుండా అన్నీ చచ్చిపోయాయి. అందుకని రంగుల ఎంపిక ఈసారికి ఆపుతున్నాను. ముందు పిల్లల్ని బతికించుకుందాం.

28 డిగ్రీల దగ్గర గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. తర్వాత రెండు మూడు రోజులు పిల్లలు నురగ గూటి కింద నిలువుగా వేలాడుతూ, పొట్టకున్న సొన సంచి మీదే బతుకుతాయి. అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజు మగచేపను తీసేయాలి. అదే రోజు మేత కూడా పడాలి.

మీలో చాలామంది ఆ రోజు వేసింది ఉడికించిన గుడ్డు పచ్చసొన. దయచేసి వద్దు. ఫైటర్ పిల్ల కదిలేదాన్ని చూసి పట్టుకుంటుంది. సొన కదలదు. అడుగుకి దిగి కుళ్లుతుంది, నీళ్లలో అమోనియా పెరుగుతుంది. ఫిల్టర్ లేని చిన్న టబ్బులో అది పోయే దారే లేదు. ‘ఒక్క చుక్కే వేశానండీ’ అంటారు. ఆ చుక్కలో ఉన్నది కూడా పిల్లలు చాలావరకు తినవు. నలిపిన పెల్లెట్లూ అంతే, పాలపొడీ అంతే, బిస్కెట్ పొడీ అంతే. సొనతోనే పెంచినవాళ్లు లేకపోలేదు కానీ, వాళ్లు పూటపూటా సన్న ట్యూబుతో అడుగు శుభ్రం చేస్తారు. మనకెందుకు ఆ టెన్షన్?

మన దగ్గర వరిగడ్డికి కొదవ లేదు. మందు కొట్టని పొలం గడ్డి గుప్పెడు తెచ్చి, ముక్కలు చేసి ఉడికించండి. చల్లారాక సీసాలో పోసి, ఒక గ్లాసు చెరువు నీళ్లు కలిపి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. మొదట నీళ్లు తెల్లగా మారి కంపు కొడతాయి. అది బాక్టీరియా. ఆ దశలో టబ్బులో పోయకూడదు. తర్వాత నీళ్లు కాస్త తేరుకుని కంపు తగ్గుతుంది. అంటే బాక్టీరియాను తినే ఇన్ఫ్యుసోరియా, అంటే నీళ్లలో ఈదే అతి చిన్న జీవులు, పెరిగాయన్నమాట. టార్చి వేస్తే సన్నటి నలుసులు కదులుతూ కనబడతాయి. అప్పుడు రెండేసి చెంచాలు, రోజుకు మూడుసార్లు పోయండి. చెరువు నీళ్లు నేరుగా టబ్బులో పోస్తే తూనీగ పిల్లలు రావచ్చు, అవి చేపపిల్లల్ని తినేస్తాయి.

నాలుగైదు రోజులు గడిచాక ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే, రొయ్యలాంటి సన్న జీవి) పిల్లల్ని మేతగా మొదలుపెట్టండి. వాటి గుడ్లు పగలడానికి లీటరు నీళ్లకు 25 గ్రాముల కల్లుప్పు, గాలి పంపు, సుమారు 24 గంటలు. ఆ గుడ్ల కోసం భోగాపురం వైపు రొయ్యల హేచరీల్లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే అడిగి చూడండి. నేనైతే పగిలిన ఆర్టీమియా పిల్లల్ని మంచినీళ్లతో కడగకుండా ఎప్పుడూ వేయను.

టబ్బు మీద మూత తీసి ఉంచొద్దు. మూడు నాలుగు వారాల వయసులో పిల్లలు పైగాలి పీల్చడం నేర్చుకుంటాయి. చలికాలం రాత్రి చల్లగాలి తగిలితే తట్టుకోలేవు.

అభ్యాసం: ఈసారి చేపల జోలికి వెళ్లకండి. మూడేసి రోజుల తేడాతో మూడు గడ్డి సీసాలు పెట్టండి. పొద్దునా సాయంత్రం వాసన, రంగు, నలుసుల కదలిక పుస్తకంలో రాయండి. పదిహేను రోజులు ఒక్క పూట కూడా మానకూడదు. తేరుకున్న సీసా ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేలా వచ్చాకే జత కలపండి.