సంక్రాంతి లోపు బొంత ముగించాలంటే
కొత్త సంవత్సరంలో నేను కొత్త బొంత మొదలుపెట్టను, సగంలో ఆగినదాన్నే ముందు తీస్తాను. మా పాలకొండ వైపు భోగికి కూడా చలి వదలదు, అప్పటికి కప్పుకోవాలి కదా!

పాత నూలు చీరల పొరలు జరిగిపోకుండా జానెడు దూరంలో పెద్ద టాకాలు వేయండి. అసలు కుట్టు మాత్రం నడిమధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు రండి. అంచు దగ్గర మొదలుపెడితే ముడతలన్నీ మధ్యలో చేరి ఉబ్బుతాయి, ఎంత లాగినా పోవు. చుట్టూ చీర అంచునే మడిచి కుట్టండి, గట్టిగా ఉంటుంది. నాకైతే పైపొరలో పొందూరు ఖద్దరు ముక్క ఒక్కటైనా ఉండాలి. టాకాలు చివర్లో విప్పండి.

ఊలు స్వెటర్ కూడా సగంలో మిగిలిందా? దారం కొసలను మొదలంటా కత్తిరించొద్దు. లోపలివైపు అల్లికలోకి సూదితో నాలుగు వేళ్ల పొడవు దూర్చండి. ఉతికాక తాడు మీద వేలాడదీస్తే సాగిపోతుంది, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టండి.