బండి మీద మనసు తగ్గినప్పుడు

బైకంటే ప్రాణం ఉన్నా ఒక్కోసారి నెలల తరబడి బయటకు తీయబుద్ధి కాదు. బయలుదేరే ముందుండే చిల్లర పనే చాలావరకు కాళ్లకు అడ్డం పడుతుంది. దాన్ని శనివారం సాయంత్రమే తీర్చేయండి.

దగ్గరి బంకులో 2 లీటర్ల పెట్రోలు కొట్టించి, టైర్లలో గాలి చూపించండి. ఎంత గాలి ఉండాలో చైన్ కవర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. ఇంటికి రాగానే, చైన్ ఇంకా వేడిగా ఉండగానే ల్యూబ్ (చైన్‌కు వేసే నూనె) వేయండి. ఇంజన్ ఆపేసి, మెయిన్ స్టాండ్ వేసి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. హెల్మెట్, గ్లవ్స్, లైసెన్సు, తాళంచెవి అన్నీ ఒకే సంచిలో తలుపు దగ్గర పెట్టండి.

ఆదివారం 6 గంటలకు ఒక్కరే బయలుదేరండి. హన్మకొండ వాళ్లకు ధర్మసాగర్ చెరువు చాలు, రానుపోను 40 కిలోమీటర్ల లోపే. గట్టు మీద కాసేపు నిలబడి, ఎండెక్కక ముందే తిరిగొచ్చేయొచ్చు. దూరంగా ఉండే పాకాల, లక్నవరం చెరువులు మొదట్లోనే పెట్టుకోకండి. అలిసిపోతే మళ్లీ బండి మూలకే పోతుంది. మూడు, నాలుగు వారాలు ఇట్లా చేస్తే ఆదివారం కోసం మనసు దానంతటదే ఎదురుచూస్తుంది.

నెలలుగా కదలని బండైతే ముందు బ్యాటరీ, బ్రేకులు, పాత పెట్రోలు మెకానిక్‌కు చూపించాలి. యాక్సిడెంట్ భయం వల్లో నడుము నొప్పి వల్లో దూరమైతే మాత్రం ఈ చిట్కా పనిచేయదు.