చెట్ల పేర్లతో తెలుగు – 4వ పాఠం: తాడి ఎప్పుడు తాటి అవుతుంది?

ముందు కిందటి పాఠం జవాబులు. 'చింత' అనే మాట ఎక్కడ చెట్టో, ఎక్కడ దిగులో చెప్పమన్నాను కదా. 'చీకూ చింతా లేని బతుకు'లో ఉన్నది దిగులు. 'చింత చచ్చినా పులుపు చావలేదు'లో ఉన్నది చెట్టు. 'చింతాకంత' దగ్గర తడబడినవాళ్ళు ఆ ఆకు ఎంత చిన్నదో ఒకసారి చూసి రండి.

ఈసారి తాడి. కల్లు, ముంజలు, తేగలు ఇచ్చే చెట్టు. పేరు తాడే అయినా, బజారులో 'తాడిముంజలు' అని ఎవరూ కేకెయ్యరు. తాటిముంజలే. నోరు 'నోటిమాట'లో, గూడు 'గూటిపక్షి'లో మారినట్టే, వెనక ఇంకో మాట చేరి 'దానికి చెందినది' అనే అర్థం వస్తే డి కాస్తా టి అవుతుంది. వ్యాకరణంలో ఈ 'టి'ని ఔపవిభక్తికం అంటారు. పేరు చూసి బెదరకండి. 'ఇల్లు గుమ్మం' అనకుండా 'ఇంటిగుమ్మం' అంటున్నామంటే ఈ పాఠం మనకు సగం వచ్చినట్టే.

మరి 'తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు' అనే సామెతలో టి ఏది? అక్కడ తాడి వేరు, చెట్టు వేరు కాదు. తాడి అనే చెట్టు. అందుకని మార్పు లేదు. అలాగని తాటిచెట్టు తప్పూ కాదు. విశాఖలో తాటిచెట్లపాలెమే ఉంది. మాటల్లో నేనూ తాటిచెట్టనే అంటాను.

ఆకు చేరితే 'తాటి'లోని ఇకారం జారిపోయి తాటాకు అవుతుంది. సంస్కృతంలో ఈ చెట్టు తాళం కాబట్టి దాని పక్కన పత్రం కూర్చుంటుంది: తాళపత్రం. 'తాళాకు' అని చూడండి, చెవికి గుచ్చుకుంటుంది.

అసలు చిక్కు ఇప్పుడు. 'పార్టీలన్నీ ఒకే తాటిపైకి వచ్చాయి' అని పత్రికల్లో చదువుతుంటాం. ఇన్ని పార్టీలు ఒక్క తాటిచెట్టు ఎలా ఎక్కాయని చిన్నప్పుడు నాకో అనుమానం! అక్కడ చెట్టే లేదు. ఉన్నది తాడు. దాని పాత రూపం త్రాడు. త్రాడు త్రాటి అయి, క్రావడి (అంటే ర ఒత్తు) పోయి తాటి మిగిలింది. అనుమానం వస్తే క్రావడి పెట్టి చూడండి. 'ఒకే త్రాటిపై' చక్కగా అతుకుతుంది. 'త్రాటిబెల్లం' అతకదు.

అభ్యాసం: చెట్టేదో, తాడేదో చెప్పండి.
'తాటిదూలం మీద ఉడత కూర్చుంది.'
'పలుపుతాటి ముడి బిగుసుకుంది.'
'తాటాకు చప్పుళ్ళకు బెదిరేవాణ్ణి కాను.'

వచ్చే పాఠం ఈత. చెట్టు ఈత, చెరువులో ఈత, ఆవు ఈత మూడూ ఉంటాయి.