పాత కారుకు ఇంటి షెడ్డులో లిఫ్టు: కొనే ముందు చూసుకోవలసినవి

ఇంటి షెడ్డులో కారు లిఫ్టు పెట్టించుకోవాలనుకునేవారు ధరలు విచారించే ముందే టేపు తీసుకొని షెడ్డు ఎత్తు కొలుచుకోవాలి. శ్లాబు అడుగు వరకు కాక, దూలం అడుగు వరకు కొలవాలి. ఫ్యాను, ట్యూబులైటు, పైకి చుట్టుకునే షట్టరు ఎంత కిందికి వస్తున్నాయో కూడా రాసుకోవాలి. అంబాసిడరు ఎత్తు దాదాపు 1.6 మీటర్లు, అంటే 5 అడుగుల 3 అంగుళాలు. దాని కింద మరో అంబాసిడరును నిలపాలంటే రెండు కార్లకే పదిన్నర అడుగులు పోతాయి. కారు చక్రాలు నిలిచే లిఫ్టు పట్టాల మందాన్ని, మధ్యలో ఉండవలసిన ఖాళీని కలుపుకుంటే పదకొండున్నర అడుగులు కావాలి. కారు కింద నిలబడి పని చేసుకోవాలన్నా ఇంచుమించు అంతే ఎత్తు కావాలి. విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వంటి చోట్ల అపార్ట్‌మెంట్ల కింది పార్కింగులో అంత ఎత్తు సాధారణంగా దొరకదు. మధురవాడ, భీమిలి వైపు సొంత స్థలంలో షెడ్డు వేసుకునేవారు మాత్రం 12 అడుగులకు తగ్గకుండా వేయించుకోవడం మేలు.

తరువాత తేల్చుకోవలసింది, లిఫ్టు కారును దాచడానికా, బాగు చేయడానికా అన్నది. రెండు స్తంభాల లిఫ్టు కారును బాడీ కింద పట్టి ఎత్తుతుంది కనుక చక్రాలు గాలిలో వేలాడతాయి. బ్రేకు డ్రమ్ములు, కమాన్ కట్టలు, షాక్ అబ్జార్బర్ల పనికి అంతకంటే వీలైనది లేదు. అయితే కారును నెలల తరబడి అలాగే వేలాడదీస్తే స్ప్రింగులు, రబ్బరు బుష్షులు సాగిన స్థితిలోనే ఉండిపోతాయి. నాలుగు స్తంభాల లిఫ్టు మీద కారు తన చక్రాల మీదే నిలుస్తుంది కాబట్టి దాచడానికి అదే సరైనది. దానికి పట్టాల మధ్య అమర్చే జాకీని కూడా తీసుకుంటే ముందు చక్రాలనో వెనుక చక్రాలనో లేపి బ్రేకుల పనీ చేసుకోవచ్చు. ఒక్క లిఫ్టే కొనగలిగినవారికి నేను ఈ జోడీనే చెబుతాను. కప్పు 10 అడుగులే ఉన్నవారికి కత్తెరలా విచ్చుకుంటూ లేచే కత్తెర లిఫ్టు ఒక దారి, కానీ దాని చట్రం కారు నడిమి భాగానికి అడ్డు రావడంతో గేర్‌బాక్సు దించడం కష్టం.

లిఫ్టు మోయగల బరువు గురించి పెద్దగా బెంగ అక్కరలేదు. అంబాసిడరు బరువు దాదాపు 1,150 కిలోలు, ప్రీమియర్ పద్మిని కారు సుమారు 900 కిలోలు. ఇంటి లిఫ్టులు సాధారణంగా అంతకు రెట్టింపు పైనే మోస్తాయి. చూడవలసింది కారు ఒంటి బలం. ఈ రెండు కార్లకూ జీపుకు ఉన్నట్టు విడి చాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. సముద్రపు గాలికి తలుపుల కింద పొడవునా ఉండే సిల్లును లోపలి నుంచి తుప్పు తినేసి ఉంటుంది. పైన పెయింటు నిగనిగలాడుతున్నా, స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే రేకు చిప్స్‌లా విరిగి లోపలికి దిగిపోతుంది. అలాంటి కారును వెల్డింగు అయ్యేదాకా రెండు స్తంభాల లిఫ్టు ఎక్కించకూడదు. దాని మీద ఉన్న కారు ఇంజను దించినప్పుడు కూడా బరువు వెనక్కి మారి కారు ఒరిగే ప్రమాదం ఉంది కనుక, ముందే పొడవాటి స్టాండ్లు ఆనించాలి.

రెండు స్తంభాల లిఫ్టుకు ప్రాణమంతా నేలలో బిగించిన యాంకర్ బోల్టులే. కాంక్రీటు మందం కనీసం 4 అంగుళాలని చాలా తయారీదారులు అడుగుతారు. కొత్తగా పోయించేవారు ఎం25 గ్రేడు కాంక్రీటుతో 6 అంగుళాలు పోయించి, 28 రోజులు ఆగి బోల్టులు బిగించడం మంచిది. పార్కింగ్ టైల్స్ మీద బిగించకూడదు, ఆ మేర తీయించాలి. పాత నేల ఎంత మందమో మేస్త్రీ నోటిమాటగా చెబితే నమ్మకుండా, ఒక మూల రంధ్రం వేయించి కొలవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది లాకు. పైకెత్తిన కారు బరువు హైడ్రాలిక్ ఆయిలు మీద కాక, స్తంభంలోని ఇనుప లాకుల మీద ఆనాలి. ఒక రాత్రి నేను నా పద్మినిని లాకుల మీదికి దించకుండా వదిలేశాను; తెల్లవారి చూస్తే సిలిండరు సీలు దగ్గర నూనె చెమ్మ, కారు రెండంగుళాలు కిందికి జారి ఉంది. ఆ పూట కింద ఎవరూ పడుకొని పని చేయకపోవడం మా అదృష్టం. అందుకే కొనేటప్పుడు నాలుగు స్తంభాల్లోనూ లాకు పడిన సంగతి కంటికి కనిపించే మోడలునే ఎంచుకోవాలి.

విశాఖలో లిఫ్టు కూడా కారులాగే తుప్పు పడుతుంది. వీలైతే జింకు పూతతో ఉన్నది తీసుకోవాలి, నట్లు, పిన్నులకు గ్రీజు పెడుతూ ఉండాలి. నెలకొకసారి లిఫ్టును లాగే స్టీలు రోపు వెంట నూలుగుడ్డను మెల్లగా లాగి చూడాలి; ఎక్కడైనా దారపుపోగు పట్టుకుంటే అక్కడ తీగ తెగినట్టే, రోపు మార్చే వరకు కారు ఎక్కించకూడదు. కరెంటు విషయానికి వస్తే, ఇంటి లిఫ్టుకు 230 వోల్టుల సింగిల్ ఫేజు మోటారు సాధారణంగా చాలు. మీటరు నుంచి దానికి విడి వైరు, ఎంసీబీ, గట్టి ఎర్తు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో కరెంటు లేక రోజులు గడిచాయి. కరెంటు పోయినా వాల్వు తిప్పి దించుకోవచ్చని అమ్మేవారు చెబుతారు, కానీ లాకు విడిపించాలంటే ముందు కారును కొద్దిగా పైకి లేపాలి. అందుకు చేతి పంపు అమరే లిఫ్టయితేనే ఆ మాట నిజమవుతుంది.

డబ్బు కట్టే ముందు అదే మోడలు బిగించి ఉన్న షెడ్డుకు మన కారుతోనే వెళ్లాలి. ఎక్కించి, లాకుల కంటే కాస్త పైన ఆపి, స్తంభం మీద సుద్దముక్కతో గీత గీసి, కింద ఎవరినీ ఉండనివ్వకుండా రెండు గంటలు వేచి చూడాలి. కారు గీత దాటి కిందికి దిగితే ఆ లిఫ్టు తీసుకోకూడదు.