సి పెడల్ తొక్కితే శ్రుతి అందలేదు: నా అనుభవం

అమెరికాలోని నాష్‌విల్‌లో ఉంటూ పాత పెడల్ స్టీల్ గిటార్ (పాదంతో పెడళ్లు తొక్కి, మోకాలితో లీవర్లు నెట్టి తీగల స్వరం మార్చే గిటార్) ఒకటి కొన్నాను. పది తీగలు, ‘ఇ9’ అనే శ్రుతి పద్ధతి. పోయిన నెల నాలుగో తీగ మొండికేసింది. ఊరికే మీటితే ‘ఇ’ శుభ్రంగా పలుకుతుంది. ఆ స్వరాన్ని పెంచే సి పెడల్ తొక్కితే మాత్రం ఎఫ్ షార్ప్ దాకా వెళ్లకుండా కిందే ఆగిపోతోంది. గిటార్ చివరన ఉండే, పెడల్ శ్రుతి సరిచేసే నైలాన్ నట్టు ఎంత బిగించినా అంతే. రెండు సాయంత్రాలు దానికే పోయాయి.

చివరికి మా ఆవిడని పెడల్ తొక్కి ఉంచమని, నేను టార్చి వేసి ఛేంజర్ (తీగ బిగువు మార్చి స్వరం పెంచే, దించే భాగం) పక్కనుంచి చూశాను. ఆ తీగని మోకాలి లీవరు డి షార్ప్‌కి దించుతుంది కూడా. ఛేంజర్‌లో స్వరం దించే మీట, పెడల్ తొక్కినప్పుడు తన ఆపు మీద కదలకుండా ఆనుకుని ఉండాలి. అది వెంట్రుక వాసి పైకి లేస్తోంది! స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని వెనక్కి నొక్కి పట్టగానే ట్యూనర్‌లో ముల్లు సరిగ్గా ఎఫ్ షార్ప్ మీదికొచ్చింది. ఎంత సంతోషమేసిందో!

తప్పు నట్టుది కాదు, ఆ మీటని వెనక్కి లాగే స్ప్రింగుది. తీగ బిగువు పెరిగితే తట్టుకోలేకపోతోంది. నా గిటార్‌లో దానికి స్క్రూ ఉంది. అరచుట్టు చొప్పున మూడుసార్లు తిప్పి, ప్రతిసారీ పెడల్ తొక్కి చూశాను. నాలుగోసారి తిప్పితే మోకాలి లీవరు బరువెక్కింది, అందుకే వెనక్కి తిప్పేశాను.

తర్వాత నైలాన్ నట్లు వదులు చేసి, ముందు తీగని ‘ఇ’కి, ఆపైన పెడల్‌ని, చివర లీవర్‌ని శ్రుతి చేశాను.