కొత్తగా గోదావరి జిల్లాలకు వచ్చారా? పళ్ళ డాక్టర్ని ముందే చూసిపెట్టుకోండి

బదిలీ మీద భీమవరం, అమలాపురం వచ్చినవాళ్ళయినా, అమెరికా నుంచి సొంతూరికి తిరిగొచ్చినవాళ్ళయినా ముందు ఇల్లు, స్కూలు, గ్యాసు చూసుకుంటారు. పళ్ళ డాక్టరు గుర్తొచ్చేది అర్ధరాత్రి దవడ పట్టుకున్నప్పుడే. నేనూ అంతే. వచ్చిన మూడో నెలలో తాపేశ్వరం మడత కాజా కొరికితే, హైదరాబాద్‌లో పెట్టించుకున్న క్యాప్ కాస్తా పాకంలో అతుక్కుని ఊడొచ్చింది. కంగారులో మొదట కనబడ్డ బోర్డు చూసి లోపలికెళ్ళాను. ఎక్స్‌రే అయినా తీయకుండా, పక్క పన్నుకి కూడా రూట్ కెనాల్ చేయాలన్నారు. ఆలోచించుకుని వస్తానని బయటపడ్డాను. రెండో డాక్టరుగారు ఎక్స్‌రే తీసి, పక్క పన్ను బాగానే ఉందని చెప్పి, ఊడిన క్యాప్‌నే శుభ్రం చేసి మళ్ళీ అతికించారు. ఇప్పటికీ ఆయన దగ్గరికే వెళ్తున్నాను.

ఇక్కడ ఎవర్నడిగినా "మా తోడల్లుడిగారి అబ్బాయేనండి, నా పేరు చెప్పండి" అంటారు. మర్యాదే గానీ, అది చుట్టరికం. వైద్యం సంగతి కాదు. "మీ రూట్ కెనాల్ ఎన్నేళ్ళ క్రితం చేయించారండీ? ఇప్పుడు ఆ పక్కన నములుతున్నారా?" అని అడగండి. అసలు జవాబు అక్కడ దొరుకుతుంది.

నొప్పి లేనప్పుడు ఓసారి క్లీనింగ్‌కి వెళ్ళి చూడండి. పనిముట్లు సీలు వేసిన కవర్లోంచి మీ ముందే తీస్తున్నారా? ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, పెట్టిన కవరు మీద చిన్న గుర్తు రంగు మారి ఉంటుంది, చూపించమంటే మంచి డాక్టరు విసుక్కోరు. బీడీఎస్ అంటే నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. పిప్పి పన్ను, క్లీనింగ్, మామూలు పన్ను తీయడం వంటివాటికి అది చాలు. క్లిప్పులకో, అడ్డంగా మొలిచిన జ్ఞానదంతానికో ఎండీఎస్, అంటే బీడీఎస్ తర్వాతి స్పెషలిస్టు చదువు, చేసినవారు కావాలి. చిన్న ఊళ్ళ క్లినిక్కులకు అలాంటివాళ్ళు వారంలో ఏదో ఒక రోజు వచ్చి వెళ్తుంటారు. కాబట్టి చేసేదెవరు, తర్వాత వాచిపోతే చూసేదెవరు అని ముందే తేల్చుకోండి. నా లెక్కలో "ఈ పన్ను జోలికి ఇప్పుడు వెళ్ళక్కర్లేదండి" అనగలిగినవారే నమ్మదగ్గ డాక్టరు.

డబ్బు సాధారణంగా మన జేబులోంచే. రూట్ కెనాల్‌కి ఎంత, క్యాప్‌కి విడిగా ఎంత అని కాగితం మీద రాయించుకోండి. ఖర్చు తగ్గాలంటే భీమవరంలో విష్ణు, రాజానగరంలో జీఎస్ఎల్ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు. కాకపోతే ఓపిక కావాలి, ఒక్క పన్నుకి నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు.

షుగరున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా కుర్చీ ఎక్కకముందే చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి.

సంక్రాంతి మూడు రోజులూ ఎవరు అందుబాటులో ఉంటారో కూడా అడిగి ఉంచుకోండి. ఆ రోజుల్లో ఇక్కడ డాక్టరుగారూ, కాంపౌండరూ, పేషెంటూ అందరూ కోడిపందేల బరి దగ్గరే కనబడతారు.