టీవీలో ప్యాక్‌మాన్ మలుపు తప్పుతుంటే

హనుమకొండలో మేము కొన్న పెద్ద టీవీకి కంప్యూటర్ కలిపి సందుల్లో తిరుగుతూ చుక్కలు తినే వీడియో గేమ్ ప్యాక్‌మాన్ ఛాంపియన్‌షిప్ ఎడిషన్ డీఎక్స్ ఆడితే, బటన్ నొక్కిన క్షణానికి బొమ్మ తిరగడం లేదు. సందు దాటిపోయాక తిరుగుతోంది. 1980 నాటి ఆటకు 2010లో వచ్చిన ఈ కొత్త రూపం నాకెంతో ఇష్టం. నిద్రపోతున్న దయ్యాలు లేచి బారుగా వెంటపడతాయి, వేగం పెరుగుతూ పోతుంది. కాస్త ఆలస్యమైనా ఆట చెడుతుంది.

అదే కంప్యూటర్‌ను చిన్న మానిటర్‌కు కలిపితే చక్కగా నడిచింది. అంటే జాప్యం టీవీదే. పాత పిక్చర్ ట్యూబు టీవీలు అందిన సంకేతాన్ని అందినట్టే చూపేవి. ఇప్పటివి ఫ్రేములను, అంటే వరుసగా వచ్చే ఒక్కో చిత్రాన్ని, కాసేపు దాచుకుని, పదును పెట్టి, కదలికను నునుపు చేసి మరీ చూపిస్తాయి. సినిమాకైతే సరే, ఇలాంటి ఆటకు అది పనికిరాదు.

సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌ను 'గేమ్'కు మార్చి, కదలికను నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేశాను. కొన్ని టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు (కేబుల్ పెట్టే చోటుకు) ఇది విడిగా మార్చాలి, చూసుకోండి. కంట్రోలర్‌ను కూడా యూఎస్‌బీ వైరుతో కలిపాను. తేడా వెంటనే తెలిసింది. రంగులు కొంచెం వెలిసినట్టు కనిపిస్తాయి గనుక సినిమా పెట్టేటప్పుడు పాత మోడ్‌కు మార్చుకుంటున్నాను.